నువైద్రాత్‌లో పోసిన సాక

కోరుట్ల
12 మార్చి 2003

జాహిదక్కకు,

నీకు, గులాం బావకు ముందుగాల చేతులెత్తి మొక్కి ఈ ఉత్తరం మొదలువెడుతున్న. మా ఆయన మంచిగ చేరిండని ఫోను చేసిండు. ఎయిర్‌పోర్టు కాడికి బావనే వచ్చిండట. మొదటి పూట అన్నం నీ ఇంట్లనే తిన్నడట, చింతకాయ తొక్కు ఏసినవట. ఆ తొక్కు ముచ్చటనే రెండుసార్లు చెప్పిండు.

ఈ కోరుట్లల ఆయన చేతిల బండి తాళంచెవి పెట్టెటోడు ఒక్కడు లేకుండె. లారీ ఓనరు తీసేసినంక ఎవ్వల గడప తొక్కినా ఒకటే మాట. "తాగుడు మానినవని ఏం నమ్మకం వెంకటీ?" ఎల్లమ్మ మీద ఒట్టు వెట్టుకున్నడంటే నవ్విండ్రు. నా సొంత తమ్ముడే నవ్విండు. బావ ఒక్కడు నవ్వలె. వీసా పంపిండు. ఎన్నడో నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు బోరింగు నీళ్లు మోసిన అని ఇంత చేస్తున్నవా అక్కా? నీళ్లకు ఇంత ధర ఉంటదని తెలుస్తే ఇంకో నాలుగు బిందెలు మోద్దును.

గని ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. "ఏం పనయ్యా" అంటే ఆయన "బీరు బండి మీద, దుకాణాలకు బీరు ఏస్తం" అన్నడు. గంతల ఫోను కట్టయింది. అప్పటి సంది నాకు బువ్వ దిగుతలేదు. ముట్టనని ఒట్టు వెట్టుకున్న మనిషిని ఆ బండే ఎక్కిచ్చినరా? మీ ఇండ్లల్ల దాని పేరు గూడ ఎత్తరు గదా, బావ ఇసొంటి పనిల ఎట్లున్నడు? పొద్దంత డబ్బలు మోసుకుంట, ఆ వాసన పీల్చుకుంట ఈ మనిషి ఎన్నొద్దులు ఆగుతడు? నువ్వే చెప్పు.

నీ చెల్లె,
దుర్గవ్వ


హిద్, బహ్రెయిన్
2 ఏప్రిల్ 2003

చెల్లె దుర్గవ్వకు,

జాహిదా సలాం. నీ ఉత్తరం నిన్న అందింది. చదివి ముందు నవ్వాను. నవ్వినందుకు తర్వాత సిగ్గుపడ్డాను. నీ భయం నవ్వుకునేది కాదు. అందుకే వరసగా చెప్తాను, నిదానంగా చదువుకో.

ఇక్కడ కిరాణా దుకాణాన్ని కోల్డ్ స్టోర్ అంటారు. మన దగ్గర గల్లీకొక పాన్ డబ్బా ఉన్నట్టు ఇక్కడ గల్లీకొక కోల్డ్ స్టోర్. రొట్టె, పెరుగు, సబ్బు, ఫోను కార్డు, అన్నీ అందులోనే. మీ బావ పని ఆ దుకాణాలకు చల్లని సీసాలు వేయడం. అందులో ఒకటి పచ్చ సీసా. దాన్ని బీరనే అంటారు. బార్లీ గింజలతో చేస్తారు, పోస్తే నురుగొస్తుంది, కానీ మందు ఉండదు. ఇంకొకటి సేపు పండు, అదే యాపిల్, బొమ్మ ఉన్న సీసా. దాని పేరు సైడరు. అదీ అంతే, సేపు రసం, గ్యాసు. పేర్లు మాత్రం మందువి, సరుకు షర్బతు. పండగలకు, పెళ్లిళ్లకు ఇక్కడి ముసల్మానుల ఇళ్లలో పిల్లలు కూడా తాగుతారు.

అసలు మందు ఈ దేశంలో లేదని చెప్పను. దానికి వేరే దుకాణాలు, వేరే లైసెన్సు, వేరే కంపెనీలు. కోల్డ్ స్టోర్‌లోకి అది రాకూడదని సర్కారు కట్టడి. సర్కారు మనిషి ఎప్పుడైనా వచ్చి అల్మారా మీంచి ఒక సీసా తీసుకుపోయి పరీక్ష చేయించవచ్చు. సీసా మీద అరబ్బీలో లోపల ఏముందో, ఎప్పుడు చేశారో, ఎప్పటిదాకా పనికొస్తుందో రాసి ఉండాలి. ఒక్క చీటీ తప్పుగా అంటించినా బండెడు సరుకు వెనక్కి. మీ బావ ఆ చీటీలు చూసి చూసి ఇంట్లో ఉప్పు ప్యాకెట్ మీద తారీఖు కూడా చదివిగానీ వేయనివ్వరు.

ఇంకో సంగతి. ఇన్నేళ్లలో మీ బావ ఆ సీసా ఒక్కటి కూడా తాగలేదు. "హరాం కాదు, నాకు తెలుసు. కానీ పేరు బాగా లేదు" అంటారు. సేపు సీసా కూడా ఇంటికి తేలేదు. కాబట్టి ఆ బండిలో తాగని మనుషులు ఇప్పుడు ఇద్దరయ్యారు.

తమ్ముడు వెంకటి ప్రస్తుతం డబ్బాలు దించే పనిలో ఉన్నాడు. ఇక్కడి లైసెన్సు వస్తే బండి నడుపుతాడు. శుక్రవారం మా ఇంట్లోనే భోజనం. గిన్నెలు కడుగుతానని పోట్లాడతాడు, నేను ఒప్పుకోను. నువ్వు కడుపునిండా తిను.

నీ అక్క,
జాహిదా


కోరుట్ల
15 జూన్ 2003

జాహిదక్కకు,

నీ ఉత్తరం చదివితే నీ వంటింటి అల్మారా ముందట నిలవడ్డట్టే ఉన్నది. ఏ డబ్బా జాగల ఆ డబ్బా. నాకైతే ఆ ఉత్తరం పట్టుకుంటే నిద్రవట్టింది. మా వాడకట్టు ముత్తవ్వకు గూడ చదివి వినిపిచ్చిన. "మందు లేని బీరెందుకే, ఆకు లేని చాయ్ లెక్క?" అన్నది. "నీకెందుకు, నువ్వేమన్న కొంటవా?" అన్న.

మా ఆయనకు లైసెన్సు వచ్చిందట! ఫోన్ల చిన్నపిలగాని లెక్క చెప్పిండు. వచ్చే నెల బండి ఆయన చేతికొస్తదట. మళ్ల ఇంజను తాళం తిప్పుతడని నేను అనుకోలే అక్కా.

ఇప్పుడు ఒక ముచ్చట అడుగుత. ఆషాఢంల ఎల్లమ్మకు సాక పోసుడు మా ఇంటి ఆచారం, నీకెరికే. ఇంటి మొగాయన చేత్తోని కల్లు నేల మీద ధార వొయ్యాలె. ఆయన ఒట్టు వెట్టుకున్న సంది పొయ్యలే. ముంత చేతవడితే చెయ్యి నోటికాడికి పోతదని ఆయనకు భయం, ఆయనకన్న నాకు ఎక్కువ భయం. అమ్మ బాకీ అట్లనే ఉన్నది. నువ్వు రాసినంక నాకు తోచింది. ఇది పేరుకు బీరు, లోపల మందు లేదు, నురుగు గూడ వస్తది. ఇది వోస్తే అమ్మకు ముడుతది, ఒట్టు గూడ తప్పది. ఆయన్ను అడిగితే "జాహిదక్క సరే అంటే పోస్త, ఆమెకు ఇక్కడి కానూన్లు తెలుసు" అన్నడు. సర్కారు ఏమన్న అంటదా? అందరికన్న ముందు నువ్వు ఏమన్న అనుకుంటవా?

నీ చెల్లె,
దుర్గవ్వ


హిద్
3 జూలై 2003

చెల్లె దుర్గవ్వకు,

లైసెన్సు వచ్చిన రోజు తమ్ముడు దాన్ని మీ బావ చేతిలో పెట్టి దండం పెట్టాడు. మీ బావ కంగారుపడి "నాకెందుకు, ట్రాఫిక్ పోలీసుకు పెట్టు" అన్నారు. అందరం నవ్వాం.

నువ్వడిగినదానికి జవాబు. మీ అమ్మవారు దాన్ని ఒప్పుకుంటుందా లేదా అన్నది నేను చెప్పే మాట కాదు, అది నీకే తెలియాలి. నేనేమన్నా అనుకుంటానా అన్నావు. మీ ఇంట్లో సాక పోసిన రోజున మా అమ్మీ మీకు బెల్లం పంపేది, మరిచిపోయావా? సర్కారు సంగతి మాత్రం చెప్పగలను. కోల్డ్ స్టోర్‌లో అమ్మే సీసాను కొన్నవాడు తాగినా పారబోసినా ఎవరూ అడగరు. కాబట్టి పోయవచ్చు.

అయితే రెండు మాటలు తమ్ముడికి గట్టిగా చెప్పాను. కంపెనీ సరుకులోంచి సీసా తీయకూడదు, దుకాణంలో తన డబ్బుతో కొనుక్కోవాలి. నలుగురు నడిచే చోట పోయకూడదు, గోదాము వెనక ఇసుక నేల ఉంది, అక్కడ పోయాలి. సరే అక్కా అని తల ఊపాడు.

ఇక్కడ ఎండ సంగతి చెప్పేది కాదు. గాలి కూడా తడి బట్టలా అంటుకుంటుంది. ఖర్జూరాలు పండుతున్నాయి. ఎవరైనా ఊరికి వస్తుంటే పంపుతాను.

నీ అక్క,
జాహిదా


కోరుట్ల
8 ఆగస్టు 2003

జాహిదక్కకు,

సాక పోసిండట! అంతే చెప్పిండు, "పోసిన, అంత మంచిగనే ఉన్నది" అని ఫోను పెట్టేసిండు. ఈ మొగోళ్లకు పండుగ ముచ్చట గూడ చెప్పరాదు. అందుకే నిన్ను అడుగుతున్న. ఏ జాగల పోసిండు? ఏ సీసా, పచ్చదా, సేపుదా? నురుగు మంచిగ వచ్చిందా? పానం మంచిగున్నదా, ఎండకు తట్టుకుంటుండా? బండి ఎట్లున్నది, కొత్తదా పాతదా, ఏయే ఊర్లకు పోతుండు? అన్నీ రాయి. నేను ఇక్కడ ఎల్లమ్మ కాడ కొబ్బరికాయ కొట్టిన. నీ పేరు మీద ఒకటి, బావ పేరు మీద ఒకటి. మీరు తినరని తెలుసు, మీ వంతు ముత్తవ్వ తిన్నది.

నీ చెల్లె,
దుర్గవ్వ


హిద్
30 ఆగస్టు 2003

చెల్లె దుర్గవ్వకు,

మీ కొబ్బరికాయలకు సంతోషం. ముత్తవ్వకు అరిగి ఉంటుందని తలుస్తాను.

సాక నువైద్రాత్ అనే ఊరిలో పోశాడు. పచ్చ సీసా. నురుగు బాగానే వచ్చిందట. తమ్ముడి ఆరోగ్యం బాగుంది. ఈ మధ్య మా ఇంటికి శుక్రవారమే కాకుండా మిగతా రోజుల్లో కూడా వస్తున్నాడు, అందుకని తిండికి లోటు లేదు. వంటింట్లో పైప్ కారుతుంటే బాగు చేశాడు. తలుపు గొళ్లెం కూడా.

ఎండలు కొద్దిగా తగ్గాయి. ఖర్జూరాలు ఈ ఉత్తరం తెచ్చే ఆయన చేతికే ఇచ్చాను, సగం ముత్తవ్వకివ్వు. మీ బావ సలాం చెప్పమన్నారు. ఎక్కువ రాయలేకపోతున్నాను, పని ఉంది.

నీ అక్క,
జాహిదా


కోరుట్ల
16 సెప్టెంబరు 2003

జాహిదక్కా,

ఖర్జూరాలు ముట్టినయి. తియ్యగున్నయి. నాకు మాత్రం చేదు తగిలినయి.

అక్కా, నీ అల్మారల ఒక డబ్బా జాగ ఖాళీగున్నది. బండి సంగతి అడిగిన. నువ్వు పైపు గురించి రాసినవ్, గొళ్లెం గురించి రాసినవ్, బండి మాట రాయలె. నువ్వు అడిగినదానికి జవాబు ఇడిసిపెట్టే మనిషివా? శుక్రవారం కాని దినాలల్ల ఆయన మీ ఇంట్ల ఎందుకున్నడు? డ్యూటీ లేదా?

నిన్న బీడీ కంపెనీ కాడ మెట్‌పల్లి నాగవ్వ కలిసింది. ఆమె కొడుకు భూమేష్ మీ దిక్కే ఉంటడు, సఖీర్‌ల కార్ల పందేలకు రోడ్డు కడుతున్నరట, ఆ పనిల ఉన్నడు. "మీ ఆయన బీరుతోని పట్టువడ్డడట గదా" అన్నది, బీడీలు అప్పజెప్పుకుంటనే. అందరు విన్నరు. నా చేతిల కట్ట చేతిల్నే ఉన్నది.

నాకు ఒక్క ముచ్చట చెప్పు. తాగిండా? తాగితే తాగిండని రాయి. నేను ఏడ్చినా మంచిదే. నువ్వు దాచిపెడితేనే నాకు భయం. ఆయన మాట నేను ఎన్నోసార్లు నమ్మి చెడ్డ. నీ మాట ఒక్కటే మిగిలింది.

దుర్గవ్వ


హిద్
14 అక్టోబరు 2003

చెల్లె దుర్గవ్వకు,

ముందు నువ్వడిగినదే చెప్తాను. తాగలేదు. ఒక్క చుక్క కూడా తాగలేదు. తాగనందుకే ఇంత గొడవ అయింది.

నువ్వు పట్టేశావు. పోయినసారి నేను కావాలనే రాయలేదు. విషయం అటో ఇటో తేలాక రాద్దామనుకున్నాను. ఇప్పుడు తేలింది, మొదటి నుంచి రాస్తాను.

తమ్ముడు మొదటిసారి బండి నడిపిన రోజు మొదటి దుకాణం నువైద్రాత్‌లో ఒక హాజీది. పెద్దాయన, తెల్ల గడ్డం, మన హిందీ కొంచెం వచ్చు. మీ బావ లోపల సరుకు అప్పజెప్తున్నారు. తమ్ముడు నేను చెప్పినట్టే తన డబ్బుతో ఆ దుకాణంలోనే పచ్చ సీసా కొన్నాడు. సగం మాట విన్నాడు, రెండో సగం వినలేదు. గోదాము వెనక్కి వెళ్లకుండా, బండి ఆగిన మొదటి గడప ముందే ముందు చక్రం దగ్గర ధార పోసి, నేలకు చేయి తాకించి దండం పెట్టుకున్నాడు. తర్వాత నేను కోప్పడితే ఏమన్నాడో తెలుసా? "అక్కా, అమ్మకు గోదాము ఎనక పోస్తరా? బువ్వ వెట్టే గడపల పొయ్యాలె గని."

అంతవరకే అయితే ఏమీ కాకపోయేది. అప్పుడే నాగవ్వ కొడుకు భూమేష్ అక్కడ రొట్టె కొంటున్నాడు. సాక చూడగానే ఊరు గుర్తుకొచ్చినట్టుంది, తనూ చెప్పులు విడిచి మొక్కాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏమిటి ఏమిటి అని అడిగితే సంబరంగా చెప్పాడు. "మా దేశంలో అమ్మవారికి దారూ పోస్తాం భాయ్!"

ఆ దారూ అన్న మాట హాజీ చెవిన పడింది. గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చారు. "ఈ సీసాలో దారూ ఉందా? నా దుకాణంలో? నా మనవళ్లు తాగే దాంట్లో?" మీ బావ లేదు లేదని మొత్తుకున్నారు. భూమేష్‌కు అప్పటికి తప్పు తెలిసింది, కానీ ఎంత సర్దబోతే అంత చిక్కుపడింది. హాజీ ఒక సీసా మూత తీసి తమ్ముడి చేతిలో పెట్టారు. "మందు లేదంటున్నావు కదా. తాగి చూపించు."

తమ్ముడు తాగలేదు.

"తాగవేం?" అంటే తల అడ్డంగా ఊపాడు. సీసా తిరిగి ఇచ్చేశాడు. హాజీ మీ బావ వైపు తిరిగి "నువ్వు తాగు" అన్నారు. మీ బావ కూడా అలవాటున "నేను తాగను హాజీ" అన్నారు. అంతే. "అమ్మేవాళ్లు ఇద్దరూ తాగరు, నా పిల్లలు మాత్రం తాగాలా?" అని సరుకంతా బయట పెట్టించి సర్కారు వాళ్లకు ఫోను చేశారు. వాళ్లు వచ్చి సీసాలు పరీక్షకు తీసుకుపోయి, మిగతావాటికి సీలు వేశారు. కఫీల్, అంటే మా కంపెనీ యజమాని, తమ్ముడి చేతి నుంచి తాళంచెవి తీసుకున్నాడు. పరీక్ష ఫలితం వచ్చేదాకా డ్యూటీ లేదన్నాడు. అందుకే మా పైపు బాగుపడింది.

ఫలితం వచ్చింది. మందు లేదని సర్కారే కాగితం ఇచ్చింది. నేను అల్లాకు కృతజ్ఞతగా రెండు రకాతుల నమాజు ఎక్కువ చదివాను. కానీ కాగితం చూపించినా నువైద్రాత్ దుకాణాలు సరుకు తీసుకోలేదు. హాజీ మాట అక్కడ అందరికీ మాట. "కాగితం సీసా గురించి చెప్తుంది. ఆ మనిషి ఎందుకు తాగలేదో కాగితంలో లేదు" అన్నారట. ఊరంతటి గిరాకీ పోతే కఫీల్ మాత్రం ఏం చేస్తాడు? "రంజాన్ ముందు సరుకు వేయకపోతే ఖలాస్, వెంకటిని పంపించేస్తాను" అన్నాడు. టికెట్ మాట కూడా ఎత్తాడు.

ఆ రోజు మీ బావ అన్నం ముందు కూర్చుని తినలేదు. "వెంకటీ, ఒక్క గుటక. మందు లేదని నీకూ తెలుసు. తాగి చూపిస్తే అయిపోతుంది కదా" అన్నారు. తమ్ముడు తన కంచం పక్కకు జరిపాడు. తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఇవి నీవి.

"భాయ్, మందు లేదని నాకెరికే. నా నాలికకు ఎరుక లేదు. ఆ నురుగు పెదవికి తాకితే అది పాతది యాది చేసుకుంటది. పంపిస్తే పోత. కోరుట్లల కూలి చేసుకుంట. దుర్గవ్వ ముందట మాత్రం అట్ల నిలవడలేను."

మీ బావ అతని కంచం మళ్లీ ముందుకు జరిపారు. శుక్రవారం నమాజు కాగానే "జాహిదా, బురఖా వేసుకో, నువ్వూ రా" అన్నారు. ముగ్గురం ఆ బండిలోనే వెళ్లాం. మీ బావ నడిపారు, తమ్ముడు వెనక డబ్బాల మధ్య కూర్చున్నాడు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ బండి ఎక్కడం నాకు అదే మొదలు.

దుకాణం ముందు నమాజు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ బావ సలాం చెప్పి, పచ్చ సీసా ఒకటి కొని, బిస్మిల్లా అని నిలబడిన చోటే మొత్తం తాగేశారు. అలవాటు లేని మనిషి, కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కులోంచి నురుగొచ్చింది. తాగి సీసా కింద పెట్టి, హాజీతో అన్నారు. "యా అల్లా, ఇంత చేదా! ఇన్నేళ్లుగా జనానికి నేను అమ్మింది ఇదా?"

ముందు హాజీయే నవ్వారు. తర్వాత గల్లీ అంతా నవ్వింది. నేను కూడా ముందుకు వెళ్లి సేపు సీసా కొనుక్కుని, ముసుగు కింద నుంచి తాగాను. అది బాగుంది, తియ్యగా ఉంది, నిజం చెప్తున్నాను. ఇన్నాళ్లు ఇంటికి తేనందుకు మీ బావతో తర్వాత పోట్లాడాను.

నవ్వులయ్యాక హాజీ తమ్ముడి వైపు చూశారు. "వీళ్లిద్దరూ తాగారు. నువ్వు?" తమ్ముడు తన హిందీలో తానే చెప్పాడు. నేను వెంటనే అనువాదం చేయబోతే హాజీ నాకు చేయి అడ్డం పెట్టారు. "నేను అసలుది తాగేవాణ్ణి హాజీ. చాలా. పని పోయింది, మా ఇంటామె మెడలో గొలుసు పోయింది. మానేశాను. అందుకని ఇది తాగను. తాగను కాబట్టి అమ్మకు పోశాను."

అప్పుడు హాజీ అన్నారు. "మా ఊళ్లో హజ్ పండగ ముందు పిల్లలు బుట్టలో పెంచిన మొక్కను తీసుకుపోయి సముద్రంలో వేస్తారు. ఎందుకు వేస్తారని పరదేశీలు అడిగితే మేమూ సరిగా చెప్పలేం." తర్వాత దుకాణం వాకిలి నుంచి తప్పుకుని దారి ఇచ్చారు. "సీసా మంచిదని సర్కారుకు కాగితం కావాలి. నాకు ఈ మనిషి చాలు. సరుకు దించండి. ఇకనుంచి ఇతనే తేవాలి, ఇంకెవరు తెచ్చినా నేను తీసుకోను."

కఫీల్ తాళంచెవి తిరిగి ఇచ్చేశాడు. ఈ రోజుకి తమ్ముడు నువైద్రాత్, సిత్రా, సఖీర్ క్యాంపుల దాకా బండి నడుపుతున్నాడు. తెల్ల బండి, కొత్తది కాదు, ఏసీ బాగానే పనిచేస్తుంది. నీ ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది, క్షమించు. భూమేష్ వచ్చి తమ్ముడి కాళ్ల మీద పడబోయాడు. నాగవ్వతో నువ్వు పోట్లాడవద్దు.

నీళ్ల బిందెల బాకీ తీర్చుకుంటున్నానని నువ్వు అన్నావు. ఆ లెక్క వదిలేయి. మా ఆయన పొద్దున వెళ్లి సాయంత్రం వస్తారని తప్ప, ఎండలో ఎన్ని గడపలు తొక్కుతారో, ఎంతమందికి సలాం చెప్తారో, ఒక్కొక్క మాట ఎలా కాపాడుకుంటారో నాకు తెలియదు. ఆ శుక్రవారం బండిలో కూర్చుని చూశాను. మీ ఆయన వల్ల మా ఆయన్ను చూశాను. అందుకు నీకు నేనే రుణపడి ఉన్నాను.

నీ అక్క,
జాహిదా


కోరుట్ల
20 నవంబరు 2003

జాహిదక్కకు, గులాం బావకు,

రంజాన్ దినాలు, మీరు ఉపవాసముంటరు, ఇంత పొడుగు ఉత్తరం చదువుడు కష్టమేమో గని రాయకుండ ఉండలేను.

నీ ఉత్తరం బీడీ కంపెనీ కాడ అందరి ముందట గట్టిగ చదివిన. నాగవ్వ ముందట నిలవడి చదివిన. బావ ముక్కుల నుంచి నురుగొచ్చిన కాడ అందరు నవ్విండ్రు, ఆయన "పంపిస్తే పోత" అన్న కాడ ఒక్కరు గూడ నవ్వలె. నాగవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. నేను పోట్లాడలె, నువ్వు వద్దన్నవని. పోట్లాడవలసిన పని గూడ లేకపాయె.

బావా, నువ్వు నీ జన్మల ముట్టనిది మా ఆయన కోసం అంతమందిల తాగినవ్. మా ఇంటి మీద నమ్మకంతోని తాగినవ్. ఈ మాటకు ఏం రాయాలెనో నాకొస్తలేదు. నీ నోటికి ఆ చేదు పోయి, పండుగ నాడు షీర్ కుర్మా తియ్యగుండాలె.

అక్కా, నీకు ఒక ముచ్చట చెప్పాలె. ఇది ఎవ్వలకు చెప్పలె, ఆయనకు గూడ. ఆయన దుబాయి పోయిన కాంచి, మీ దేశం పేరు నా నోటికి తిరగదు, నాకదే దుబాయి, ఎప్పుడు ఫోను వచ్చినా నేను ఆయన మాటలు వినకపోయేదాన్ని. గొంతు వినేదాన్ని. మాట తడవడుతుందా, నాలిక మొద్దుగున్నదా, ఊరికెనే నవ్వుతుండా అని. ఆయన ఏమేమో చెప్తుండె, నేను ఊ ఊ అనుకుంట తాగిండా తాగలేదా అన్నదే ఎతుక్కుంటుంటి. ఫోను పెట్టినంక శిరీష "నాయినేమన్నడే" అని అడిగితే చెప్పరాకపోయేది. బిడ్డకు అబద్ధాలు చెప్పేదాన్ని.

మొన్న మళ్ల ఫోను వచ్చింది. రిసీవర్ చెవికి వెట్టుకున్న. ఎతుకుదామన్న ఆలోచనే రాలె. ఆయన మాటలు విన్న అక్కా. పొద్దుగాల హిద్ కాడ సముద్రం పాల లెక్క తెల్లగ, కదలకుండ ఉంటదట. ఆ ఒడ్డు పొంటి బండి నడుపుకుంట పోతుంటే పిట్టలు నీళ్ల మీద నిలవడ్డట్టు కనవడుతయట. "ఎట్ల నిలవడతయో ఏమో దుర్గా, నువ్వొస్తే చూపిస్త" అన్నడు.

ఇంటికొచ్చి శిరీషకు అంతా చెప్పిన. అది పిట్టలది ఇంకోసారి చెప్పమన్నది.

మీ
దుర్గవ్వ